భూతద్దం అత్త బొమ్మల బొంత

మా భూతద్దం అత్తకు ఈ ప్రపంచంలో దేనిమీదా నమ్మకం లేదు. మనుషుల మీద లేదంటే సరే, అది చాలామందికి ఉండదు. అత్తకు లిఫ్టు మీద కూడా లేదు. మీట నొక్కి, తలుపు తెరుచుకోగానే ఎక్కేయడం ఆమె పద్ధతి కాదు. ముందు దాన్ని ఖాళీగా పై అంతస్తుకు పంపిస్తుంది. అది క్షేమంగా తిరిగొచ్చాక లోపలికి తొంగి చూసి, తల పంకించి, మెట్లెక్కి వెళ్ళిపోతుంది.

"క్షేమంగానే వచ్చింది కదత్తా, ఎక్కొచ్చుగా?"

"ఖాళీగా ఉంది కాబట్టి వచ్చింది. మనిషి ఎక్కాక దాని బుద్ధి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?"

ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే "ఎవరు చెప్పారు మీకు?" అని అడుగుతుంది. ఇంట్లో గడియారాలు వేర్వేరు టైములు చూపిస్తే ఆమెకు నిశ్చింత. ఒకసారి వంటింటి గడియారం, ముందుగది గడియారం, చేతి వాచీ అన్నీ ఒకే టైము చూపించాయి. "కూడబలుక్కున్నాయి" అని అన్నింటినీ రిపేరుకు పంపింది.

ఈ అత్త మా నాన్నకు అక్క. మేముండే ఐదంతస్తుల ఇంటి కింద బేకరీ, సెలూను, వాచీల రిపేరు షాపు ఉన్నాయి. నాలుగో అంతస్తులో అత్తా మావయ్యా ఉంటారు. నాకు ఈ ఊళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళ నెత్తిమీది గది అద్దెకు తీసుకున్నాను. చేరిన రోజే అత్త పైకొచ్చి తలుపు కొట్టింది.

"పైన ఎవరో నడుస్తున్నారు."

"నేనే అత్తా."

"నువ్వే అని నువ్వు చెప్తే ఎలా? ఓసారి నడిచి చూపించు."

నడిచి చూపించాను. మెడ వంచి విని, "ఊఁ, ప్రస్తుతానికి నువ్వే" అని దిగిపోయింది.

ఈ గుణం పుట్టుకతో వచ్చిందో ఉద్యోగంతో వచ్చిందో చెప్పడం కష్టం. అత్త చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్లో పనిచేసింది. కుట్టిన చొక్కా ప్రతిదీ ఆమె భూతద్దం కింది నుంచి పోవాల్సిందే. కుట్టు వదిలి కాలరు నవ్వితే పట్టుకునేది, గుండీ ఊగితే పట్టుకునేది, ఏ తప్పూ లేకపోతే "ఇందులో ఏదో ఉంది" అని పక్కన పెట్టేది. అలా ఆ పేరు స్థిరపడింది. రిటైరైన రోజున ఫ్యాక్టరీవాళ్ళు సభ పెట్టి ఆమెకు వెండి పిడి ఉన్న భూతద్దం బహూకరించారు. అత్త దాన్ని అక్కడికక్కడే పరీక్షించబోయి, భూతద్దాన్ని అదే భూతద్దంతో చూడటం కుదరదని గ్రహించి, మేనేజరుగారి కళ్ళజోడు అడిగి పుచ్చుకుంది.

ఆ తరవాత చెక్ చేయడానికి చొక్కాలు లేకపోయేసరికి, చొక్కాల్లోపలుండే మనుషుల మీద పడింది.

ఎక్కువగా దొరికేది మావయ్యే. మావయ్య షాపులకు బోర్డులు రాసే పెయింటరు. మా వీధిలో ఏ షాపు వైపు తలెత్తి చూసినా ఆయన అక్షరాలే కనిపిస్తాయి. మనిషి నెమ్మది. రంగు ఆరినంత నిదానంగా మాట బయటికొస్తుంది. పెళ్ళికి ముందు ఎంతో ధైర్యం కూడగట్టుకుని "నువ్వంటే నాకిష్టం" అని చెప్తే, అత్త "ఇంకోసారి చెప్పండి, రెండుసార్లూ ఒకేలా వస్తుందో లేదో చూస్తాను" అందట.

"మరి పాసయ్యారా మావయ్యా?"

"ఏమో. రిజల్ట్ ఇంకా చెప్పలేదు."

ఇలా ఉండగా అత్తకు బీపీ పెరిగింది. నేనే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు మంచివారు. "మందులతోపాటు మనసుకు కాస్త నెమ్మది కావాలమ్మా. ఏదైనా చేతిపని పెట్టుకోండి. కుట్టుపనైతే మరీ మంచిది" అన్నారు.

గది దాటగానే అత్త నా మోచేయి పట్టుకుంది. "దారాల షాపువాడు ఈయనకేమవుతాడే?"

"ఏమీ కాడత్తా."

"ముక్కులు చూశావా? ఇద్దరిదీ ఒకటే ముక్కు."

అయినా బీపీ భయం గట్టిది కాబట్టి ఆ షాపుకే వెళ్ళాం. అత్త దారాన్ని తెంపి చూసింది, వెలుతురుకు పట్టి చూసింది, చివరికి నాలుక మీద పెట్టుకుంది.

"అమ్మా, అది తినేది కాదండీ" అన్నాడు షాపతను.

"తినేదైతే ఇంతసేపు చూడను. తినేవాటిలో కల్తీ ఎలాగూ తప్పదు."

బొంత కుడతానంది. పాత గుడ్డల అతుకుల బొంత కాదు, బొమ్మల బొంత, గోడకు వేలాడదీసేది. సరే, నా దగ్గర కుట్టు మిషనుంది, వాడుకోమన్నాను. అత్త నన్ను జాలిగా చూసింది.

"మిషన్లో పై దారం మన కళ్ళముందుంటుంది. మరి అడుగు దారం? పెట్టెలో కూర్చుని అదేం చేస్తోందో నువ్వెప్పుడైనా చూశావా? చేత్తో కుడితే ఒకటే దారం. పైకొస్తే చూస్తాను, కిందికి పోతే వేలితో పట్టుకుంటాను. తప్పించుకునే దారుండదు."

ఏం బొమ్మ కుట్టాలన్న ప్రశ్న తరవాత వచ్చింది. పూలు కుట్టమన్నాను. తనకు పరిచయం లేని పూలను కుట్టనంది. చివరికి మా వీధినే కుట్టాలని తేల్చుకుంది. కిటికీ దగ్గర కూర్చుంటే కళ్ళెదురుగా ఉంటుంది, తేడా వస్తే వెంటనే పట్టుకోవచ్చు. గుడ్డ మీద సుద్దతో గీత గీసి మావయ్యకు చూపించింది. మావయ్య ఆ గుడ్డను వెలుతురులోకి తిప్పి తిప్పి, ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"వీధి చివర నీళ్ళ ట్యాంకు ఇంత పెద్దగా గీశావేంటి? దూరంగా ఉన్నది చిన్నగా ఉండాలి."

"ఎందుకుండాలి?"

"దూరం కదా."

"దూరంగా ఉన్నంత మాత్రాన చిన్నదైపోతుందా? మీ తమ్ముడు వేరే ఊళ్ళో ఉంటాడు. వచ్చినప్పుడు చూస్తే దిట్టంగానే ఉంటాడు కదా?"

"అది కాదు, కంటికి అలా కనపడుతుంది."

"కంటికి కనపడిందల్లా నిజమనుకునేదాన్నైతే ఇన్నేళ్ళు ఆ ఉద్యోగం చేసేదాన్నా?"

చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళింది. ట్యాంకును చేత్తో తడిమి, చుట్టూ తిరిగి, పెద్దదేనని నిర్ధారించుకుంది. పోట్లాటకు సిద్ధపడి వెనక్కి తిరిగిందట. తిరిగేసరికి అక్కణ్ణుంచి మా ఇల్లు కనిపించింది. ఇంటికొచ్చాక సూదిలోకి దారం ఎక్కిస్తూ మెల్లగా అంది:

"అక్కణ్ణుంచి చూస్తే మనిల్లు అగ్గిపెట్టెంత ఉందే పిల్లా. ఆ అగ్గిపెట్టెలో కూర్చునా మేమింత పోట్లాడుకుంటున్నాం?"

బొంత మందు పనిచేస్తోందని సంబరపడ్డాను. తొందరపడ్డానని మర్నాడే తెలిసింది.

మర్నాటి నుంచి అత్త గుడ్డ ముక్కలకోసం వీధి మీద పడింది. కొత్త గుడ్డ పనికిరాదట. ఎవరి ఇల్లు కుడితే వాళ్ళు వాడిన గుడ్డే కావాలట. అదీ చూసి తీసుకోదు. కళ్ళు గట్టిగా మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను నలిపి, మొహం ఒకలా పెట్టి, అప్పుడు చెబుతుంది.

సెలూను ఆయన మర్యాదకు పోయి ఉతికి మడతపెట్టిన తెల్లగుడ్డ ఇచ్చాడు. అత్త నలిపి చూసి తిరిగిచ్చేసింది.

"కళ్ళు మూసుకుంటే ఇది నువ్వు కాదు. నీ భుజం మీదుంటుందే తువ్వాలు, అదివ్వు."

"అది మాసిపోయిందమ్మా."

"నువ్వు మాసిపోలేదా? ఇవ్వు."

బేకరీ ఆయన దాచుకున్న సిల్కు టై తెచ్చాడు. "ఇది కట్టుకుని రొట్టెలు కాలుస్తావా?" అని గద్దించి, పిండి పట్టి అట్టలా బిగుసుకుపోయిన ఏప్రాను పట్టుకుపోయింది. వాచీల ఆయన దగ్గర మాత్రం ఎదురుదెబ్బ తగిలింది. ఆయన ఒక కంటికి అద్దం తగిలించుకుని ఉన్నాడు, ఈమె చేతిలో భూతద్దం ఉంది. ఇద్దరూ అద్దాల్లోంచి ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు. చివరికి ఆయనే కన్నార్పి, పాత వాచీల తోలు పట్టీలు గుప్పెడు ఇచ్చి పంపించాడు.

ఆ వారమే వీధి పెద్దలంతా కలిసి నా గదికొచ్చారు.

"మీ అత్తగారు మా గుడ్డలు ఎందుకు పట్టుకుపోతున్నారమ్మా?" అని బేకరీ ఆయన మొదలెట్టాడు.

"బొంతకండీ."

"బొంతకైతే కళ్ళు మూసుకుని నలపడమెందుకు?" అన్నాడు సెలూను ఆయన.

"వేలిముద్రల కోసమై ఉంటుంది" అన్నాడు వాచీల ఆయన, గొంతు తగ్గించి. అందరూ ఒక్కసారి తమ చేతులకేసి చూసుకున్నారు. అనుమానం అంటువ్యాధి అని అప్పుడే నాకర్థమైంది.

ఇంతలో అత్తకు కొత్త అనుమానం పుట్టింది. ఒక సాయంత్రం వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"మీ మావయ్య ఏదో దాస్తున్నారు."

"మావయ్యా? ఏం దాస్తారత్తా?"

"నిన్న టీలో ఉప్పు వేశారు. అడిగితే కొత్త రుచి అన్నారు. మొన్న కోటు తగిలించే స్టాండుకు 'గుడ్మార్నింగ్, రండి కూర్చోండి' అన్నారు. పైగా పెయింటు షాపుకని చెప్పి బస్సెక్కుతున్నారు. పెయింటు షాపు పక్కవీధిలోనే ఉంది. నువ్వు ఆయన వెనకాలే వెళ్ళి ఎక్కడికెళ్తున్నారో కనిపెట్టు. వదలకు, పక్కనే ఉండు."

"వెనకాల వెళ్ళాలా, పక్కన ఉండాలా అత్తా?"

"ఎలాగోలా చావు. ఆయన ఒక్కరే ఉండకూడదు. ఒక్కరే ఉంటే ఏం చేస్తారో!"

వెళ్ళాను. మావయ్య బస్సెక్కి, దిగి, ఒక పెద్ద ఆస్పత్రిలో కంటి విభాగం ముందు బెంచీ మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుని "మావయ్యా" అన్నాను. ఆయన ఉలిక్కిపడి అవతలివైపు తిరిగి, అక్కడున్న పెద్దాయనతో "నువ్విక్కడికెలా వచ్చావమ్మా?" అన్నాడు. ఆ పెద్దాయన "బస్సులో" అన్నాడు.

లోపల డాక్టరుగారు చెప్పినదాంట్లో తిరకాసేమీ లేదు. కంటి నరం ఎండిపోతోంది. పోయిన చూపు రాదు. మిగిలింది మందులతో ఎంతకాలం నిలిస్తే అంతకాలం. బయటికొచ్చాక మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తకు చెప్పకు."

"ఎందుకు మావయ్యా?"

"గుండీ వదులైతేనే నిద్రపోని మనిషి అది. కన్ను వదులైందంటే తట్టుకుంటుందా? అసలే బీపీ." నవ్వాడు. "పైగా బోర్డులు రాసేవాడికి చూపు పోయిందంటే వీధంతా నన్ను జాలిగా చూస్తుంది. అలా చూసేవాళ్ళను నేను తిరిగి చూడలేను కూడా. లెక్క సరిపోదు."

చెప్పనని మాటిచ్చాను.

ఇంటికి చేరగానే అత్త గుమ్మంలో ఉంది. "ఎక్కడికెళ్ళారు?"

"పెయింటు షాపుకే అత్తా."

భూతద్దంతో నా మొహం మీది ప్రతి అంగుళమూ చూసింది. చెమట చుక్క ఒకటి ముక్కు మీంచి దొర్లుతుంటే దాన్ని చివరిదాకా సాగనంపింది. "అయితే ఇకమీదట ఎప్పుడు వెళ్ళినా నువ్వు వెంట వెళ్ళాలి. నాకు అనుమానం తీరలేదు" అంది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో కాపలా రెట్టింపైంది. ఇంటికెవరొచ్చినా గుమ్మంలోనే నిలబడి, ఎవరో ఏం పని మీద వచ్చారో గట్టిగా చెప్పాకే లోపలికి రావాలి. పాల ప్యాకెట్లు వేసే ఆయన పాపం రోజూ పొద్దున్నే "నేను పాలు! పాలకోసమే వచ్చాను!" అని కోర్టులో సాక్షిలా అరిచేవాడు. కుర్చీ కాళ్ళచుట్టూ నేలమీద సుద్దతో గీతలు గీసింది. కుర్చీ గీత దాటి వెంట్రుకవాసి జరిగినా "దొంగ వచ్చివెళ్ళాడు" అని గోల. వీధిలోకెళ్తే మావయ్య చొక్కా చెయ్యి పట్టుకునే నడుస్తుంది.

"ఇదేంటమ్మా, ఈ వయసులో?" అని బేకరీ ఆయన నవ్వాడు.

"పారిపోతారేమోనని" అంది అత్త.

అదే బేకరీకి మావయ్య కొత్త బోర్డు రాశాడు. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి గాని, వరస మాత్రం ఏటవాలుగా కొండెక్కింది. బేకరీ ఆయన మొహమాటపడుతూ వచ్చాడు. "మాస్టారూ, బోర్డు కొంచెం వంకర..." అన్నాడో లేదో, అత్త రయ్యిన కిందికి దిగింది. దారానికి కత్తెర కట్టి గోడ పక్కన వేలాడదీసింది.

"చూడు. బోర్డు వంకరా, గోడ వంకరా?"

నిజంగానే ఆ గోడ ఒకవైపుకు ఒరిగి ఉంది. పాత కట్టడం కదా, మా వీధిలో నిటారైన గోడ ఒక్కటీ లేదు. బేకరీ ఆయన క్షమాపణ చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రి బేకరీ గోడ కూలుతుందేమోనని ఆయనే నిద్రపోలేదట.

ఆస్పత్రికి వెళ్ళే బస్సులో మావయ్య నాతో వాపోయాడు. "జైల్లో కూడా ఇంత కాపలా ఉండదమ్మాయ్. ఊపిరాడటం లేదనుకో. కానీ ఒకటి చెప్పాలి. ఈ మధ్య దేనికీ తగిలి పడటం లేదు. అదృష్టం బాగుంది."

బొంత పూర్తి కావస్తోందని తెలిసి లైబ్రరీ మేడమ్ చూడటానికొచ్చింది. లైబ్రరీ హాల్లో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారట. "మీ బొంత కూడా పెడదామండీ" అంది.

"ఎందుకు? మీకేంటి లాభం?"

"లాభమేముందండీ, నలుగురూ చూస్తారు."

"చూస్తే?"

అలా అడిగి అడిగి చివరికి ఎందుకో అత్త ఒప్పుకుంది.

ప్రదర్శన రోజున వీధంతా హాల్లోనే ఉంది. గోడకు అత్త బొంత వేలాడుతోంది. నిజం చెప్పాలంటే చూడటానికి ఏమంత బాగాలేదు. ఇన్నేళ్ళు దారం రంగులో వెంట్రుకంత తేడా పట్టుకున్న మనిషి, ఇందులో రంగుల సంగతే పట్టించుకోలేదు. ఆకాశం చెక్స్ దుప్పటి. చెట్లు గోధుమరంగు ఉన్ని. నీళ్ళ ట్యాంకు మా ఇంటికంటే పెద్దది. దారాలు గడ్డకట్టినట్టు ఎక్కడికక్కడ పైకి లేచి ఉన్నాయి. జనం తలలు అటూ ఇటూ వంచి చూసి, పక్కవాళ్ళ మొహాలు చూస్తున్నారు. తమ తువ్వాలు ఎక్కడుందో, తమ ఏప్రాను ఏ నేరానికి సాక్ష్యమైందో వెతుక్కుంటున్నారు. ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. దాని మీద బోర్డు: 'దయచేసి తాకరాదు'. ఒకప్పుడు మావయ్య రాసిచ్చిన బోర్డే.

మావయ్యను ముందుకు రమ్మన్నారు. వీధిలో బొమ్మ గురించి చెప్పగలిగినవాడు ఆయనే కదా. హాల్లో వెలుతురు తక్కువ. మావయ్య నాలుగడుగులు వేసి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"అద్భుతంగా ఉంది. ముఖ్యంగా ఆ ఆకాశం రంగు... ఎంత లోతుగా కుదిరింది!"

ఆయన నిలబడింది బొంత ముందు కాదు. పక్క గోడకు తగిలించిన మంటలార్పే ఎర్ర సిలిండరు ముందు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "ష్" అన్నారు. మావయ్యకు ఏదో తేడా జరిగిందని అర్థమైంది గాని, ఏమిటో తెలియక అలాగే నవ్వుమొహంతో నిలబడిపోయాడు.

"ఈ తాడెవరు కట్టారు?"

అత్త గొంతు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆ తాడును విప్పి పక్కన పడేసింది.

"అమ్మా, తాకకూడదండీ, రూలు..." అంది లైబ్రరీ మేడమ్.

"చూసి చెప్పే మాటను నేనెప్పుడైనా నమ్మానా?" అని మావయ్య చొక్కా చెయ్యి పట్టుకుని, ఆయన అరచేతిని బొంత మీద పెట్టింది. "తాకి చెప్పండి."

మావయ్య వేళ్ళు మొదట కదల్లేదు. తరవాత మెల్లగా జరిగాయి. ఒకచోట ఆగాయి.

"ఇది... బిగుసుకుపోయిన పిండి. బేకరీ."

"ఊఁ."

"ఇది తువ్వాలు. సెలూను. ఇది తోలు... వాచీల షాపు. ఇవి ముడులు. మెట్లా? మెట్లే." వేళ్ళు ఒక్కో ముడినీ పట్టుకుని పైకెక్కాయి. "ఈ గరుకు జీన్సు మన అమ్మాయి. దాని కింద ఇదేంటి, పొలుసుల్లా?" గోటితో గీకాడు. ఎండిన రంగు. "ఇది నా పని చొక్కా! పారేశానన్నావు కదా?"

"నేను చెప్పింది నమ్మడం మీ తప్పు."

హాల్లో నవ్వులు. ఈసారి వేరే నవ్వులు. మావయ్య వేళ్ళు షాపుల నెత్తిన ఉబ్బెత్తుగా కుట్టిన గీతల దగ్గరికి చేరాయి. ఒకదాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఇవి నా అక్షరాలు" అన్నాడు. "ఈ వంపు నాది. ఇలా ఎవరూ తిప్పరు."

"ఎవరైనా తిప్పారేమోనని వీధంతా చెక్ చేశాను. ఎవరూ తిప్పలేదు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"నాకేం తెలుసు? అనుమానం, అంతే."

"అడగొచ్చుగా?"

"అడిగితే 'అబ్బే, ఏం లేదు' అంటారు. మీరన్నాక నేను నమ్మాలి. నమ్మడం నాకు రాదు కదా!"

"మరి ఆస్పత్రికి దీన్ని నా వెనక పంపింది..."

"సాయానికి పంపితే ఒప్పుకుంటారా మీరు? అందుకే అనుమానంతో పంపాను."

నేను నోరు తెరిచాను. ఇన్నాళ్ళూ నేను అత్తను మోసం చేస్తున్నాననుకున్నాను. గుమ్మంలో పేరు చెప్పి అరవడం, కుర్చీల చుట్టూ గీతలు, వీధిలో ఆ చెయ్యి పట్టు, అన్నీ ఒక్కొక్కటిగా కళ్ళముందు తిరిగాయి. నాతోపాటు బేకరీ ఆయనకు కూడా తిరిగినట్టున్నాయి. "అంటే మా గోడ..." అని ఏదో అనబోయి, "నిజంగానే వంకరలెండి" అని సర్దుకున్నాడు.

తరవాత సెలూను ఆయన ముందుకొచ్చి, కళ్ళు మూసుకుని, తన తువ్వాలు వెతికి పట్టుకున్నాడు. పట్టుకోగానే చిన్నపిల్లాడిలా అరిచాడు. ఇక అందరికీ కావాల్సి వచ్చింది. కళ్ళు తెరుచుకుంటే అనాకారిగా ఉన్న ఆ బొంత, కళ్ళు మూసుకోగానే వీధైపోయింది. మా వీధి ఇంత మెత్తగా ఉంటుందనీ, ఇన్నిచోట్ల గరుకుగా ఉంటుందనీ అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు కూడా తెలియదట. లైబ్రరీ మేడమ్ ఆ 'తాకరాదు' బోర్డును తనే తీసి తిప్పి పెట్టింది. అత్త మాత్రం బొంత పక్కన భూతద్దం పట్టుకుని నిలబడింది.

"చేతులు చూపించండి. కడిగారా? ఎప్పుడు కడిగారు? ఎవరు చూశారు? మళ్ళీ కడుక్కుని రండి."

కుళాయి దగ్గర బారు వీధిలోకి వచ్చింది.

మావయ్యకు దాచుకోవాల్సినదేమీ లేకపోయాక చిత్రంగా హుషారొచ్చింది. బోర్డుల పని మానేశాడు. వీధిలో ఎవరు పలకరించినా గొంతు గుర్తుపట్టి ముందు తనే పేరు చెప్పేస్తున్నాడు. జాలి చూపించేవాళ్ళు కనిపించలేదట. "కనిపించలేదంటే నా సంగతి తెలుసుగా" అని తనే నవ్వుతాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో రెండో బొంత నడుస్తోంది. ఈసారి రంగులు మావయ్యవి, కుట్టు అత్తది. ఆయనకు గుర్తున్న రంగులన్నీ ఒక్కొక్కటే చెబుతాడు, ఆమె వెతికి తెచ్చి కుడుతుంది. గొడవ లేకుండా ఒక్క ముక్కా పడదు. "ఇటుకరంగు అంటారేంటి, ఏ ఇటుక? ఎక్కడి ఇటుక?" అని అత్త, "తడిసిన ఇటుక" అని మావయ్య. వాళ్ళు మొదటిసారి కలిసిన బస్టాపు బొమ్మ అది.

మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి గొడుగు దగ్గర ఉన్నారు.

"నీలం" అన్నాడు మావయ్య. "వాన కురుస్తోంది. నువ్వు నీలం గొడుగు పట్టుకుని నిలబడ్డావు. ఏ రంగు మరిచిపోయినా నేను ఆ నీలం మాత్రం మరిచిపోను."

అత్త చేతిలో సూది ఆగింది. ఏదో అనబోయింది. మావయ్య టీ తాగడానికి లోపలికి వెళ్ళాక నేను దగ్గరికి జరిగాను.

"ఏంటత్తా?"

"నా గొడుగు ఆకుపచ్చదే" అంది గుసగుసగా. "నీలం గొడుగు నాకెప్పుడూ లేదు."

"మరి చెప్పలేకపోయావా?"

"అంత గట్టిగా చెబుతుంటే కాదంటామా?" అంటూ నీలం ముక్క తీసుకుని, అంచు మడిచి, నింపాదిగా కుట్టడం మొదలెట్టింది. పరీక్షించలేదు, వెలుతురుకు పట్టలేదు, నాలుక మీద పెట్టుకోలేదు.

నా బుర్రలో ఒక పురుగు తొలిచింది. ఊరుకుందామనుకున్నాను గాని, నోరు ఆగలేదు.

"అత్తా, ఆ రోజు బస్టాపులో నీలం గొడుగు పట్టుకున్నది ఇంకెవరైనా అయితే?"

అత్త సూది ఆపింది. కళ్ళజోడు కిందికి జార్చి, నన్ను పైనుంచి కిందిదాకా తేరిపార చూసింది.

"ఛీ, ఇంత అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు?" అంది.